దూరం తొక్కేవాడికి వెడల్పెందుకు?

చేపల వేటకు, కాళ్ళతో తొక్కి నడిపే పెడల్ కయాక్ కొనాలని అమెరికాలో ఏ దుకాణంలో అడిగినా, ఏ రేవులో అడిగినా ఒకటే సలహా దొరుకుతుంది. "వెడల్పాటిది తీసుకో. లేచి నిలబడినా ఊగనిది తీసుకో. తొక్కితే పడవను నెట్టే డ్రైవ్ మంచిదైతే చాలు, పడవ ఆకారం సంగతి కాళ్ళు చూసుకుంటాయి. మరీ అలిసిపోతున్నావనుకో, తర్వాత మోటారు పెట్టించుకోవచ్చు." వర్జీనియా, మేరీలాండ్ రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళలో ఈ వేట మీద మోజు పెరిగినకొద్దీ ఆ మాట మన ఇళ్ళలోకీ వచ్చేసింది. ముందు కొన్నవాడు "తమ్ముడూ, ఇంకేం ఆలోచించకు" అని తర్వాతివాడికి అప్పజెబుతున్నాడు. తర్వాతివాడు వేల డాలర్లు పోసి కొంటున్నాడు.

చెరువులో, చిన్న ఆనకట్ట వెనక నిలవనీళ్ళలో బాస్ చేపకు గాలం విసిరేవాడికి ఈ సలహా చక్కగా సరిపోతుంది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎర లాగుతూ మైళ్ళకు మైళ్ళు తొక్కాలనుకునేవాడికి మాత్రం ఇది తప్పుడు సలహా. డబ్బుతో మొదలై, ఓపికను తినేసి, గాలి తిరిగిన రోజున ప్రాణం మీదికి తెచ్చే తప్పు. అందుకే దీన్ని ఊరికే వదలకూడదు.

అవతలివాళ్ళ వాదం

ముందు వాళ్ళ వాదాన్ని ఏమీ తగ్గించకుండా చెప్పాలి. ట్రోలింగ్ అంటే పడవ సాగుతుండగా వెనకాల ముప్పై నలభై గజాల దూరంలో ఎరను లాగుతూ వేటాడటం. చేత్తో తెడ్డు వేసే కయాక్‌లో ఇది అవస్థే. చేప తగలగానే తెడ్డు వదిలి రాడ్ అందుకోవాలి. ఆ కాస్త వ్యవధిలో పడవ ఆగిపోతుంది, లైన్ సడలుతుంది, చేప గాలం వదిలించుకుంటుంది. 1997లో హోబీ సంస్థ మిరాజ్ డ్రైవ్ తెచ్చాక ఆ ఇబ్బంది తీరింది. పైన కాళ్ళతో నొక్కుతుంటే పడవ అడుగున రెండు రెక్కలు అటూ ఇటూ ఊగి పడవను నెడతాయి, చేతులు రెండూ రాడ్‌కే మిగులుతాయి. ఆ తర్వాత నేటివ్ వాటర్‌క్రాఫ్ట్, ఓల్డ్ టౌన్ లాంటి సంస్థలు గుండ్రంగా తొక్కే ప్రొపెల్లర్ డ్రైవ్‌లు తెచ్చాయి.

అక్కణ్ణించి వాళ్ళ తర్కం ఇలా సాగుతుంది. కాళ్ళ బలం చేతుల బలం కన్నా ఎంతో ఎక్కువ, కాబట్టి వెడల్పు వల్ల వచ్చే భారాన్ని కాళ్ళు లెక్కచేయవు. వెడల్పు ఉంటే చేపను లోపలికి తీసుకునేటప్పుడు పక్కకు ఎంత వంగినా భయం లేదు. ఎత్తు కుర్చీ నడుమును కాపాడుతుంది. సామాను ఎంతైనా పడుతుంది.

వీటిలో ఏ మాటకామాట విడిగా చూస్తే చాలావరకు నిజమే. నడుం నొప్పితో వేట మానేసినవాళ్ళు, నీళ్ళంటే జంకేవాళ్ళు ఈ వెడల్పాటి పడవల వల్లే మళ్ళీ నీళ్ళ మీదికి వచ్చారు. ఆ మేలు కాదనలేం. కానీ ఈ నిజాలన్నీ మూటగట్టి "కాబట్టి దూరపు ట్రోలింగ్‌కూ ఇదే పడవ" అని తేల్చేచోట తర్కం తెగిపోయింది. ఎక్కడెక్కడ తెగిందో వరసగా చూద్దాం.

1. నిలబడటానికి కొన్న వెడల్పు

వెడల్పును సమర్థించేవాళ్ళు మొదట చూపించేది నిలబడటం. దుకాణం ముందున్న కొలనులో అమ్మకందారు పడవలో లేచి నిలబడి, అటూ ఇటూ ఊగి చూపిస్తాడు. చూసినవాడి మనసు అక్కడే పడిపోతుంది.

ట్రోలింగ్‌లో ఎవరు నిలబడతారు? నిలబడితే పెడల్ తొక్కలేం. తొక్కకపోతే పడవ సాగదు, సాగకపోతే అది ట్రోలింగే కాదు. నీటిలో చేపను కళ్ళతో వెతికి గాలం విసిరేవాడికి నిలబడటం అవసరం. ఎర లాగేవాడు రోజంతా కూర్చునే ఉంటాడు. రోజులో ఒక్కసారి కూడా చేయని పనికోసం కొన్న వెడల్పును రోజంతా నీటిలో నెట్టుకుంటూ పోవాలి.

స్థిరత్వంలో రెండు రకాలున్నాయి, అమ్మకందారు చూపించేది మొదటిది మాత్రమే. నిశ్చలమైన నీటిలో పడవ ఊగకుండా ఉండటం మొదటిది. పడవ పక్కకు ఒరిగాక ఇంకా ఒరగకుండా నిలదొక్కుకోవడం రెండోది. వెడల్పుగా, చదునుగా ఉన్న అడుగు మొదటిదాన్ని దండిగా ఇస్తుంది. కానీ చదునైన అడుగు నీటి ఉపరితలం ఎటు వాలితే అటే వాలుతుంది. పక్కనుంచి నిటారు కెరటం వస్తే పడవ ఆ వాలుతో పాటు ఒరుగుతుంది, ఎత్తు కుర్చీలో కూర్చున్న మనిషి బరువు ఆ ఒరిగినవైపే లాగుతుంది. ఇరుకుగా, అడుగు గుండ్రంగా ఉండి, కుర్చీ కిందికున్న పడవ మొదట్లో కాస్త కదులుతుంది, భయపెడుతుంది కూడా. కెరటాల్లోకి వెళ్ళాక మాత్రం అది కెరటాన్ని తన కిందనుంచి పోనిస్తుంది. దూరం వెళ్ళేవాడికి కావలసింది ఆ రెండో రకం.

ఉత్తరాంధ్ర తీరంలో తరతరాలుగా సముద్రం మీదికి వెళ్ళిన తెప్పలను గుర్తుచేసుకోండి. పొడవుకు తగ్గ వెడల్పు లేదు, ఎత్తు అసలే లేదు, నీళ్ళు పైనుంచి పొర్లిపోతుంటాయి. కొలనులో నిలబెట్టి చూపిస్తే ఏ కొనుగోలుదారుడూ ముచ్చటపడడు. అలలు విరిగే చోటు దాటడానికి మాత్రం మన జాలర్లు నమ్ముకున్నది దాన్నే.

2. గరిష్ఠ వేగం అనే అంకె

రెండో మాయ వేగానిది. "ఈ డ్రైవ్‌తో గంటకు ఐదు మైళ్ళు దాటుతుంది" అని గొప్పగా చెబుతారు. దాటుతుంది, పళ్ళు బిగపట్టి తొక్కితే ఒక్క నిమిషం పాటు. ట్రోలింగ్‌కు ఆ ఒక్క నిమిషంతో ఏం పని?

వర్జీనియా, మేరీలాండ్ తీరపు చెసపీక్ ఖాతంలో స్ట్రైప్డ్ బాస్ చేపకు ఎర లాగే వేగం సుమారుగా రెండు నుంచి మూడున్నర నాట్లు. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. కాలిఫోర్నియాలో లా హోయా తీరాన బతికున్న మాకరెల్‌ను ఎరగా కట్టి యెల్లోటెయిల్ చేప కోసం తొక్కేవాళ్ళు ఇంకా నెమ్మదిగానే సాగుతారు. అడగవలసిన ప్రశ్న "ఎంత వేగం పోతుంది" అన్నది కానే కాదు. మూడు నాట్ల దగ్గర ఐదారు గంటలు సాగడానికి ఎంత శ్రమ పడాలి అన్నదే ప్రశ్న. ఆ లెక్క ఏ కరపత్రంలోనూ అచ్చువేయరు.

ఇక్కడ భౌతికశాస్త్రం చాలా నిర్దయగా ఉంటుంది. నీటి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి దాదాపు ఘనంతో పెరుగుతుంది. మూడు నాట్ల నుంచి నాలుగుకు వెళ్ళాలంటే వేగం మూడోవంతే పెరిగినా శ్రమ రెండింతలు దాటిపోతుంది. వేగం పడవ పొడవుకు తగ్గ హద్దును సమీపించాక అంతకన్నా నిటారుగా పెరుగుతుంది. పడవలు సృష్టించే అలల లెక్కను తేల్చడానికి విలియం ఫ్రూడ్ 1870లలో ఇంగ్లండులోని టార్కీలో పొడవాటి తొట్టి కట్టి, అందులో నమూనా పడవలను లాగి కొలిచాడు. ఆ శాస్త్రం నుంచే ఈనాటికీ వాడే సూత్రం వచ్చింది: నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవ సహజ వేగపు హద్దు నాట్లలో వస్తుంది. 12 అడుగుల పడవకు అది 4.6, 16 అడుగులదానికి 5.4. కాళ్ళలో ఎంత బలమున్నా ఆ గోడను దాటి గంటల తరబడి సాగడం అయ్యేపని కాదు.

ఇదే సూత్రాన్ని పట్టుకుని కొందరు "అయితే పొడవు ఒక్కటే చూడాలి" అంటారు. అదీ సగం మాటే. మూడు నాట్ల దగ్గర మనం ఆ హద్దుకు చాలా కిందనే ఉంటాం. అక్కడ ఎక్కువగా అడ్డుపడేది పడవ ఒంటికి నీరు రాసుకునే ఘర్షణ. తడిసే మేర ఎంత పెద్దదైతే ఘర్షణ అంత. ఒకే బరువును మోసే రెండు పడవల్లో అడుగు వెడల్పుగా, చదునుగా ఉన్నదానికే తడిసే మేర ఎక్కువ. పైగా దాని సొంత బరువు కూడా ఎక్కువ కాబట్టి ఇంకాస్త లోతుకు దిగుతుంది.

ఒకే సంస్థ పడవలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. హోబీ ప్రో యాంగ్లర్ 14 పొడవు 13 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 38 అంగుళాలు. అదే సంస్థ రెవల్యూషన్ 13 పొడవు 13 అడుగుల 5 అంగుళాలు, వెడల్పు 28.5 అంగుళాలు. పొడవులో తేడా మూడంగుళాలు, వెడల్పులో దాదాపు పది. మొదటిదాని ఉత్త పడవ బరువు 55 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, రెండోది 32 కిలోల దగ్గర. రెండింటినీ నెట్టేది ఒకే రకం రెక్కలు, ఒకే రకం కాళ్ళు. దూరం ఏది పోతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"కాళ్ళకు బలం ఎక్కువ" అన్న వాదానికి కూడా ఇక్కడే జవాబు. సాధారణ ఆరోగ్యవంతుడు గంటల తరబడి ఆగకుండా ఇవ్వగల శక్తి సుమారు 75 వాట్లు, బాగా అలవాటున్నవాడికి ఇంకొంత ఎక్కువ. పాత బల్బు ఒకటి వెలిగించేంత. కాళ్ళు ఇచ్చే పెట్టుబడి మొత్తం అదే. దాన్ని వెడల్పుకు ఖర్చుపెట్టాలా, దూరానికి ఖర్చుపెట్టాలా అన్నది కొనేటప్పుడే తేలిపోతుంది. నీళ్ళ మీదికి వెళ్ళాక మార్చుకోవడానికి ఏమీ ఉండదు.

3. డ్రైవ్ దగ్గర జరిగే వృథా యుద్ధం

ప్రొపెల్లరా, రెక్కలా? వేటగాళ్ళ మధ్య మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. పడవ ఆకారాన్ని పక్కకు నెట్టేసి ఈ ఒక్క ప్రశ్న మీద ఇంత వేడి పుట్టించడం వల్లే అసలు విషయం మరుగున పడింది. నన్నడిగితే డ్రైవ్ రెండో ప్రశ్న. రెండోదే అయినా దాని గురించి ప్రచారంలో ఉన్న మాటలను సరిచేయాలి.

"ప్రొపెల్లర్ అయితేనే వేగం" అంటారు. ఓల్డ్ టౌన్ పీడీఎల్ డ్రైవ్‌లో పెడల్ ఒక చుట్టు తిప్పితే ప్రొపెల్లర్ పది చుట్లు తిరుగుతుంది. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఎన్ని చుట్లు తిరిగినా దాని వెనకున్నది ఆ 75 వాట్లే. ప్రొపెల్లర్ డ్రైవ్‌లలో గేర్లు మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు. ఎదురుగాలిలో పెడల్ బరువెక్కితే ఆ బరువుతోనే తొక్కాలి.

ప్రొపెల్లర్ నిజమైన గొప్పతనం వెనక్కి పోవడంలో ఉంది. పెడల్ వెనక్కి తొక్కితే చాలు, పడవ వెంటనే వెనక్కి వస్తుంది. వంతెన స్తంభాల దగ్గర చేప తగిలి, నత్తగుల్లలు పట్టిన కాంక్రీటు వైపు లైన్‌ను లాక్కుపోతున్నప్పుడు ఆ వెనకడుగు చేపను దక్కిస్తుంది. మొదటితరం మిరాజ్ డ్రైవ్‌లకు వెనక్కి పోవడమే తెలియదు. తర్వాత వచ్చిన 180 రకంలో తాడు లాగితే రెక్కలు దిశ మారుతాయి. పని జరుగుతుంది, కానీ ఒక చెయ్యి అటు పోతుంది. రాడ్ వంగి ఉన్నప్పుడు ఆ ఒక్క చెయ్యే కరువు.

రెక్కల బలం వేరు. లోతు తక్కువున్న చోట, నీటిగడ్డి పెరిగిన చోట ఒక పెడల్‌ను ముందుకు నొక్కి ఉంచితే రెక్కలు రెండూ పడవ అడుగుకు అతుక్కుని గడ్డి మీదుగా జారిపోతాయి. ప్రొపెల్లర్ అక్కడ గడ్డిని చుట్టుకుంటుంది. చేప పడవ కిందికి దూరితే లైన్‌నూ చుట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం మోకాలు. ప్రొపెల్లర్‌ను గుండ్రంగా తొక్కాలి, ప్రతి చుట్టులోనూ మోకాలు పైకి లేవాలి. రెక్కలకు ముందుకూ వెనక్కూ నొక్కితే చాలు, అలసట వచ్చినప్పుడు అడుగు కురచ చేసుకోవచ్చు. నలభై దాటి, కుర్చీ ఉద్యోగాల్లో మోకాళ్ళు బిగుసుకుపోయినవాళ్ళకు నాలుగో గంటలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. దూరపు ట్రోలింగ్‌కు నా ఓటు రెక్కలకే. స్తంభాల మధ్యనే రోజు గడిపేవాడు ప్రొపెల్లర్ కోరుకుంటే కాదనను.

ఏది కొన్నా అది ఎక్కడో ఒకచోట ఆగిపోతుందని ముందే అనుకోవాలి. రెక్కల డ్రైవ్‌లో గొలుసులు, తీగలు ఉంటాయి, అవి వదులవుతాయి, తెగుతాయి. ప్రొపెల్లర్ డ్రైవ్‌లో గేర్లపెట్టె ఉంటుంది, లోపల నీరు చేరితే నడి ఖాతంలో చేయగలిగింది ఏమీ లేదు. చుక్కానిని పట్టి ఉంచే పిన్ను దెబ్బ తగిలితే విరగడానికే తయారుచేస్తారు, కాబట్టి అదనపు పిన్ను జేబులో ఉండాలి. అన్నిటికీ ఆఖరి రక్ష తెడ్డు. ఇక్కడ మళ్ళీ వెడల్పు ముందుకొస్తుంది. 38 అంగుళాల పడవలో ఎత్తు కుర్చీ మీద కూర్చుని తెడ్డు వేసి చూడండి. నీటిని అందుకోవడానికే ఒళ్ళంతా వంచాలి. డ్రైవ్ పోయిన రోజున వెడల్పాటి పడవ తేలే బల్లగా మిగులుతుంది.

4. తిరుగు ప్రయాణం ఎవరూ లెక్కవేయరు

ఈ సలహాలో పెద్ద లోపం ఇది. దీన్ని ఇస్తున్నవాళ్ళు వెళ్ళడం గురించి మాట్లాడతారు, తిరిగి రావడం గురించి మాట్లాడరు.

చెసపీక్ ఖాతం సముద్రంలో కలిసేచోట వర్జీనియా బీచ్ వైపు నుంచి కేప్ చార్లెస్ వైపు 17.6 మైళ్ళ పొడవున వంతెన, సొరంగం కలిపి కట్టారు. 1964లో తెరిచారు. దాని స్తంభాల చుట్టూ, కాస్త ఉత్తరాన కిప్టోపీక్ దగ్గర అలలకు అడ్డుకట్టగా నిలిపిన తొమ్మిది పాత కాంక్రీటు ఓడల చుట్టూ చలి మొదలయ్యే నెలల్లో స్ట్రైప్డ్ బాస్ చేరుతుంది. మేరీలాండ్‌వాళ్ళు రాక్‌ఫిష్ అని పిలుచుకునేది దీన్నే. ఖాతమంతటి నీరూ ఆ ముఖద్వారం గుండానే ఆరు గంటలు లోపలికి, ఆరు గంటలు బయటికి నడుస్తుంది. చేప మేతకు దిగేది కూడా నీరు నడుస్తున్నప్పుడే. నిలవనీటి వేళ ఎంచుకుని హాయిగా వెళ్ళొస్తానంటే చేప ఒప్పుకోదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇరుకైన పడవలో ఒకతను మూడు నాట్లు నిలకడగా తొక్కుతున్నాడు. అదే ఓపికతో వెడల్పాటి పడవలో ఇంకొకతను రెండున్నర తొక్కుతున్నాడు. అర నాట్ తేడా. "ఇంతేనా" అంటారు. నిశ్చలమైన నీటిలో నిజంగా ఇంతే: నాలుగు నాటికల్ మైళ్ళకు (ఒక నాట్ వేగంతో గంటలో పోయే దూరం ఒక నాటికల్ మైలు) ఒకతనికి 80 నిమిషాలు, ఇంకొకతనికి 96. పదహారు నిమిషాల తేడా కోసం ఎవరూ పోట్లాడరు.

ఎదురు ప్రవాహం ఒకటిన్నర నాట్లు ఉందనుకోండి. మొదటతను గంటకు ఒకటిన్నర నాటికల్ మైళ్ళు ముందుకు వస్తాడు. నాలుగు మైళ్ళకు 2 గంటల 40 నిమిషాలు. రెండోతను గంటకు ఒక్క మైలే వస్తాడు. అతనికి 4 గంటలు. కొలనులో పదహారు నిమిషాలున్న తేడా ఇక్కడ 80 నిమిషాలైంది. అప్పటికే పొద్దుటినుంచి తొక్కిన కాళ్ళతో ఆ 80 నిమిషాలు అదనంగా తొక్కాలి. దీనికి ఎదురుగాలి తోడైతే రెండోతను ఉన్నచోటే ఉండిపోవచ్చు, వెనక్కి కొట్టుకుపోనూ వచ్చు.

గాలి బలం కూడా వేగపు వర్గంతోనే పెరుగుతుంది. 10 నాట్ల గాలి 15 అయితే తోపు రెండింతలు దాటుతుంది. ఎత్తు కుర్చీ, ఎత్తు పక్కలు, వెనక నిలబెట్టిన రాడ్ల గుంపు గాలికి తెరచాపలా పనిచేస్తాయి, మనకు అక్కరలేని దిక్కుకు. కుర్చీని కిందికి దించుకునే వీలున్న వెడల్పాటి పడవలు ఉన్నాయి, దించితే కొంత మేలే. వెడల్పు మాత్రం దిగదు.

"పోటు, పాటు చూసుకుని వెళ్తే సరిపోతుంది కదా" అంటారు. చూసుకునే వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఎదురీది, వచ్చేటప్పుడు ప్రవాహంతో రావాలి. కానీ పోటు వేళ పట్టికలో ఉంటుంది, గాలి పట్టికలో ఉండదు. ప్రణాళిక తప్పిన రోజున మన చేతిలో మిగిలేది పడవ ఆకారమే.

ఇదే చోట ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. చాలామంది జీపీఎస్ తెర చూసి ట్రోలింగ్ వేగం సరిచేసుకుంటారు. జీపీఎస్ చెప్పేది నేల మీది వేగం. ఎరకు తెలిసేది నీటిలోని వేగం. ఒకటిన్నర నాట్ల ప్రవాహంతో వెళ్తున్నప్పుడు తెర మీద నాలుగున్నర కనబడినా ఎర ఈదుతున్నది మూడే. ఎదురుగా తిరిగాక తెర ఒకటిన్నర చూపిస్తుంది, ఎర ఇంకా మూడులోనే ఉంటుంది. తెరను నమ్మి వేగం పెంచితే కాళ్ళు పోతాయి, ఎర నడక చెడుతుంది. రాడ్ కొస వణుకు చూడాలి, అది ఎర నడకను ఉన్నదున్నట్టు చెబుతుంది. ఇందుకోసమే రాడ్లు కళ్ళముందు, పక్కలకు చాచి ఉండాలి. వెనక గుంటల్లో గుచ్చిన రాడ్ కొస వణుకు తల తిప్పితేగాని కనబడదు.

5. తిరగబడితే

"వెడల్పాటి పడవ తిరగబడదు" అన్న ధీమాను నేను అన్నిటికన్నా గట్టిగా వ్యతిరేకిస్తాను. తిరగబడని పడవ లేదు. తిరగబడే వేళ ఆలస్యమైతే కావచ్చు. తిరగబడ్డాక వెడల్పు శత్రువవుతుంది. నిటారుగా ఉన్నప్పుడు ఊగకుండా ఉంచిన వెడల్పే తలకిందులయ్యాక కూడా పడవను ఊగకుండా ఉంచుతుంది. కుర్చీ, డ్రైవ్ కలిపి అరవై కిలోలు దాటే బరువు, దానికి కట్టిన సామాను, అడుగున నిలబడ్డ డ్రైవ్. నీటిలో తేలుతున్న ఒంటరి మనిషి దాన్ని తిప్పి, ఆ ఎత్తుకు ఎగబాకి ఎక్కాలి. ముప్పై కిలోల ఇరుకు పడవను అంచు పట్టి తిప్పడం సాధన చేసిన ఎవరికైనా వస్తుంది.

నవంబరు, డిసెంబరు నెలల్లో చెసపీక్ నీరు 10 డిగ్రీల సెల్సియస్ వైపు దిగుతుంది. అంత చల్లని నీటిలో మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, కొద్ది నిమిషాల్లో వేళ్ళు పట్టు కోల్పోతాయి. పడవ తిప్పడానికి దొరికే వ్యవధి అంతే. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలని పెద్దవాళ్ళ విషయంలో కోస్ట్ గార్డ్ నిబంధన. ఒంటి మీద లేని జాకెట్ ఆ నీటిలో ఎందుకూ కొరగాదు. బట్టలు గాలి చలిని బట్టి వేసుకోకూడదు, నీటి చలిని బట్టి, లోపలికి నీరు రానివ్వని డ్రై సూట్ వేసుకోవాలి. వెడల్పు ఇచ్చే ధీమాతో ఈ రెండూ మానేసినవాళ్ళను రేవులో తరచూ చూస్తున్నాను. ఈ సలహా చేస్తున్న అసలు హాని ఇదే: పడవ కాపాడుతుందని చెప్పి, మనిషి తనను తాను కాపాడుకునే సాధనను మాన్పిస్తోంది.

6. మోటారు పెట్టుకుంటే సరి?

చివరికి వాదం ఇక్కడికి వచ్చి ఆగుతుంది. అలిసిపోతే మోటారు పెట్టుకోవచ్చట. పెట్టుకోవచ్చు. అయితే కాళ్ళు ఆ పడవను మోయలేవని ఒప్పుకున్నట్టే కదా.

55 పౌండ్ల తోపునిచ్చే మామూలు 12 వోల్టుల మోటారు పూర్తి జోరులో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ రెండు గంటల్లో ఖాళీ. నెమ్మదిగా నడిపితే చాలా ఎక్కువసేపు వస్తుంది, నిజమే. కానీ పూర్తి జోరు అవసరమయ్యేది ఎదురుగాలిలో తిరిగివస్తున్నప్పుడే, అంటే బ్యాటరీ సగం అయిపోయాక. అది ఆగిపోతే అదే వెడల్పాటి పడవను, ఇప్పుడు మోటారూ బ్యాటరీ బరువుతో కలిపి, కాళ్ళతో తొక్కాలి. పైగా వర్జీనియాలోనూ మేరీలాండ్‌లోనూ మోటారు బిగించిన కయాక్‌ను రిజిస్టర్ చేయించాలి. కాళ్ళతో మాత్రమే నడిచేదానికి ఆ బెడద లేదు. మోటారు పడవే కావాలనుకుంటే మోటారు పడవే కొనుక్కోవాలి, దానికి పెడల్ కయాక్ ధర ఎందుకు పోయాలి?

7. ఒడ్డు మీద

అరవై కిలోల పడవను కారు మీదికి ఒంటరిగా ఎత్తలేం. ట్రైలర్ కావాలి, అది పెట్టడానికి చోటు కావాలి, అపార్ట్‌మెంటు వాళ్ళు ఒప్పుకోవాలి. తెల్లవారుజామున ఒక్కడే లేచి వెళ్ళలేని పడవ గరాజ్‌లో గోడకు ఆనుకుని ఉండిపోతుంది. తోడు దొరికిన వారాంతానికే వేట.

ఇంతకీ ఏది కొనాలి?

నేను చెప్పేది ఇది. నీటి మీద గంటల తరబడి సాగడమే పని అయితే 13 నుంచి 16 అడుగుల పొడవు, 28 నుంచి 33 అంగుళాల వెడల్పు మధ్యలో వెతకాలి. మనిషి భారీగా ఉంటే 34కి పోవచ్చు, దాటకూడదు. ఉత్త పడవ బరువు మీరొక్కరే ఎత్తగలిగినంత ఉండాలి, చాలామందికి అది 40 కిలోల లోపే. కుర్చీ కిందికి ఉండాలి. సంస్థవాళ్ళు చెప్పిన గరిష్ఠ బరువులో మూడింట రెండొంతులకు మించి ఎక్కించకూడదు, ఆ పైన పడవ కుంగి, తొక్కుడు బరువెక్కుతుంది. చుక్కాని పెద్దది కావాలి, పక్కగాలిలో దారి తప్పకుండా పట్టి ఉంచేది అదే. మెలికలు తిరుగుతూ వెళ్ళేటప్పుడు లోపలివైపు ఎర నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటివైపు ఎర వేగం అందుకుంటుంది. చేపలు చాలాసార్లు ఆ మలుపుల్లోనే తగులుతాయి. చుక్కాని మాట వినని పడవలో ఆ మెలికలు వేయలేం.

డ్రైవ్ ఏదైనా, దాని విడిభాగాలు మీ ఊళ్ళో దొరుకుతాయో లేదో కొనకముందే కనుక్కోండి. రెక్కలదైతే గొలుసు మార్చడం, తీగ బిగించడం ఇంట్లో కూర్చుని ఒకసారి మీ చేత్తో చేసి చూడండి. వేసవిలో, నీరు వెచ్చగా ఉన్నప్పుడు, పక్కన ఒక మనిషిని పెట్టుకుని పడవను మీరే తిరగేసి, మళ్ళీ తిప్పి ఎక్కండి. ఒంటరిగా ఎక్కలేకపోతే ఆ పడవతో ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళకండి.

దుకాణంవాళ్ళు కొలనులో పది నిమిషాలు తొక్కిస్తామంటే సరేనని తలూపకండి. గాలి లేచే మధ్యాహ్నం వేళ అడగండి. మీ రాడ్లు, ఐసు పెట్టె, తాగునీరు అన్నీ ఎక్కించండి. ఎర ఒకటి నీటిలో వేసి, గాలికి ఎదురుగా ఒక గంట ఆగకుండా తొక్కండి. అందుకు ఒప్పుకోకపోతే అదే రకం పడవను అద్దెకిచ్చే చోటికి వెళ్ళి, ఒక పూట అద్దె కట్టి ఆ గంటా అక్కడ తొక్కండి. డబ్బు చెల్లించేది ఆ తర్వాతే.